దాదాపుకు దండం

వాల్తేరు మెట్ట మీది గణిత శాఖా, నీకు దండం. కింద బంగాళాఖాతం లెక్కాపత్రం లేకుండా అలల్ని ఒడ్డుకు తోస్తుంటుంది. పైన నువ్వు, అంతు చిక్కనివాటిని కూడా ‘ఎంత?’ అని నిలదీస్తుంటావు.

1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో ఈ మెట్టెక్కింది. యుద్ధం రోజుల్లో గుంటూరు వెళ్లి మళ్లీ వచ్చింది. ఎన్నిసార్లు మూట కట్టినా నీ సామానెంత? ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క, ఎదురుగా ఒక కుర్రాడు.

తెల్లారి నాలుగింటికి తల్లి లేపి నూనెదీపం వెలిగిస్తే చదువుకున్న కుర్రాడు సి.ఆర్. రావు. 1940లో నీ దగ్గర ఎం.ఏ. ముగించి, కలకత్తా చేరి, 1945లో అంచనాకు హద్దు గీశాడు. ఒకవైపుకి మొగ్గని అంచనా ఎంత నిక్కచ్చిదైనా, దాని తడబాటు ఇంతకన్నా తగ్గదని తేల్చాడు. ఆ పనికి 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ నడిచొచ్చింది.

720ని విరిస్తే రెళ్లు, మూళ్లు, ఒక ఐదు. పక్కింటి 719 విరగనే విరగదు. చిన్న ముక్కలుగా విరిగే సంఖ్యలు ఎంత దూరంలో దాదాపు ఎన్ని తగులుతాయో 1949లో నీ వి. రామస్వామి నిరూపించారు. రహస్య సంకేతాలను ఛేదించడానికి ఎంత పని పడుతుందో నేడు తూచేది అలాంటి లెక్కలతోనే.

తర్వాత నీ మనసు బీజగణితం మీదికి మళ్లింది. ఎన్.వి. సుబ్రహ్మణ్యం బూలియన్ సదిశాంతరాళాలు కట్టారు. కె.ఎల్.ఎన్. స్వామి క్రమాన్నీ కూడికనూ ఒకే గూటికి చేర్చారు. 1981లో యు.ఎం. స్వామి, జి.సి. రావు ఒక పేరు పెట్టారు: దాదాపు విభాగ న్యాయ జాలకం.

లెక్కల్లో ‘దాదాపు’ అంటే సున్నా మార్కులని బళ్లో బెదిరించారు మమ్మల్ని. నువ్వు దాదాపుకు హద్దు గీసినవాణ్ని పెంచావు, దాదాపుకు లెక్క కట్టావు, చివరికి దాదాపుకే నియమాలు రాశావు. ఆ జాలకంలో మూడు ధర్మాలు ఉండి తీరాలన్న పట్టు లేదు: రెండు స్థిత్యంతర ధర్మాలు, ఒక విభాగ న్యాయం. ఆ మూడింటిలో ఏ ఒక్కటి వచ్చి చేరినా చాలు, మిగిలిన రెండూ వాటంతటవే వస్తాయి. దాదాపు అన్న మాట రాలిపోతుంది.