జూన్ 15 తర్వాత

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలు, ఇంజన్ పడవలు వేటకు వెళ్ళవు. 2015కు ముందు 47 రోజులున్న ఈ నిషేధం ఇప్పుడు 61 రోజులు. చేప గుడ్లు పెట్టే కాలంలో దాని జోలికి పోకుంటే సంతతి పెరుగుతుందన్న ఆలోచనలో తప్పేమీ లేదు. పస్తులుండమని మాత్రం చెప్పలేం కాబట్టి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భృతి ఇస్తోంది. ఒకప్పుడు కుటుంబానికి 4 వేలు ఇచ్చేవారు, 2019లో 10 వేలు చేశారు, 2025లో 20 వేలు చేశారు. ఇంత ఖర్చు పెట్టి, ఇంతమంది ఉపాధి ఆపి కాపాడిన చేప జూన్ 15 తర్వాత ఏమవుతోందన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినబడదు. ఆ తెల్లవారుజామున పడవలన్నీ ఒక్కసారిగా కదులుతాయి. రెండు నెలల విరామంలో పుట్టిన పిల్ల చేప అప్పటికింకా వేలెడే ఉంటుంది. అది మొదటి వారాల్లోనే సన్న కన్ను వలల్లో పడిపోతుంది. పైగా మన ఉష్ణమండల సముద్రంలో చాలా జాతులు ఏడాదిలో ఎన్నో నెలల పాటు గుడ్లు పెడతాయి, అన్నీ ఆ 61 రోజులకే కట్టుబడి ఉండవు. వేట నిషేధం అవసరమే. కానీ దాని మీదే భారమంతా వేసి, మిగతా పది నెలలు ఏ వలతో, ఏ చోట వేటాడుతున్నామో పట్టించుకోకపోతే తీరం కోలుకోదని నా గట్టి నమ్మకం.

తీరానికి దగ్గరగా ఉన్న నీటికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, సముద్రంలో తిండి ఎక్కువగా పుట్టేది అక్కడే. లోతు తక్కువ కాబట్టి ఎండ బాగా దిగుతుంది. గోదావరి, కృష్ణ, పెన్న, వంశధార మోసుకొచ్చే ఒండ్రులోని పోషకాలు అక్కడే కలుస్తాయి. టైగర్ రొయ్య సంగతే చూడండి. అది సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు నది కడలిలో కలిసే మొగల గుండా లోపలికి వచ్చి మడ అడవుల బురదలో పెరుగుతాయి, ఒక వయసు వచ్చాక తిరిగి కడలికి వెళ్తాయి. కోరింగ మడ అడవికీ కాకినాడ హార్బర్‌లో దిగే రొయ్యకూ ఉన్న బంధం ఇదే. ఆ ప్రయాణమంతా ఒడ్డు పక్కనే సాగుతుంది. 1994లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సముద్ర వేట నియంత్రణ చట్టం కింద మొదటి 8 కిలోమీటర్లను సంప్రదాయ పడవలకు కేటాయించారు. మరపడవలు ఆ గీత దాటి వెళ్ళాలి, 20 మీటర్లు అంతకు మించిన పెద్ద నౌకలైతే 23 కిలోమీటర్లు దాటాలి. తెప్ప మీద వెళ్ళేవాడి బతుకుకూ, పిల్ల చేప పెరుగుదలకూ ఒకే గీతతో రక్షణ దొరుకుతుందని ఆశించిన నియమం అది. కాగితం మీద ఇంత చక్కటి నియమం మన దగ్గర మరొకటి లేదు.

అయితే గీత ఒక్కటే చాలదు. మరపడవ వెనక లాగే ట్రాల్ వలలో చేపంతా చివరికి చేరేది కొసన ఉండే సంచిలోకి. మామూలు వల కన్ను డైమండ్ ఆకారంలో ఉంటుంది. సంచి నిండి బరువు లాగేకొద్దీ ఆ కన్ను పొడవుగా సాగి మూసుకుపోతుంది. అప్పుడు కన్ను కొలత ఎంతని చట్టం చెప్పినా ఉపయోగం లేదు, పిల్ల చేప బయటపడే దారే ఉండదు. అదే వలను కాస్త తిప్పి చదరపు కన్నుగా కుడితే ఎంత లాగినా తెరిచే ఉంటుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చాలా ఏళ్ళుగా దీన్నే సిఫారసు చేస్తోంది. గుజరాత్ తన నిబంధనల్లో 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను పెట్టింది. కొత్త యంత్రం కొనక్కర్లేదు, వల కొసన ఒక ముక్క మార్చుకుంటే చాలు. అయినా ఇది ఊపందుకోకపోవడానికి అసలు కారణం మార్కెట్ అని నేననుకుంటాను. ట్రాలర్లలో పడ్డ చిల్లర చేపను ఒకప్పుడు నీళ్ళలోకే విసిరేసేవారు. ఇప్పుడు దానికీ కొనేవాళ్ళున్నారు. ఫిష్‌మీల్ ఫ్యాక్టరీలు తూకానికి కొని పొడి చేస్తాయి, ఆ పొడి రొయ్యల మేతలో కలుస్తుంది. దేశంలో పెంపకం రొయ్యకు మన గోదావరి, కృష్ణా జిల్లాల చెరువులే పెద్ద కేంద్రం కాబట్టి ఆ గొలుసు చివరి కొస మన ఇంట్లోనే ఉంది. వేలెడు కవ్వలకూ, కనగర్తలకూ ధర పలికినన్నాళ్ళూ వాటిని వదిలే వల కుట్టించుకోవాలని ఎవరికి అనిపిస్తుంది? విత్తనపు వడ్లను తిండిగింజల ధరకు అమ్ముకోవడం లాంటిదిది. కేరళ ఈ ముడిని మార్కెట్ వైపు నుంచి విప్పడానికి చూసింది. 2015లో 14 జాతులకు కనీస పొడవు నిర్ణయించింది, తర్వాత ఆ జాబితాను 58 జాతులకు పెంచింది. నూనె కవ్వ 10 సెంటీమీటర్లు, కనగర్త 14 సెంటీమీటర్లు ఉండాలి, అంతకన్నా చిన్నవి దించితే శిక్ష. ఒడ్డుకు వచ్చిన చేప ఎలాగూ చచ్చిందే కదా, కొలిచి ఏం లాభమని కొందరంటారు. ఆ చేపను బతికించలేం, నిజమే. కానీ దానికి ధర లేకుండా చేస్తే మర్నాటి వల కన్ను మారుతుంది.

ఇక ఆదాయం సంగతి. కన్ను పెద్దదైతే చిన్న రొయ్య కూడా జారిపోతుంది, డీజిల్ ఖర్చే రాదని పడవ యజమానులంటారు. మొదటి కొన్ని నెలలు తూకం తగ్గుతుంది, దాన్ని దాచి చర్చించడం నిజాయితీ కాదు. కానీ పిల్ల చేప కొన్ని నెలలు బతికితే బరువూ పెరుగుతుంది, కిలోకు ధరా పెరుగుతుంది. చిక్కల్లా నష్టం ముందొచ్చి లాభం తర్వాత రావడంలో ఉంది. అప్పులో ఉన్నవాడు ఆగలేడు. 61 రోజులకు భృతి ఇవ్వగలిగిన ప్రభుత్వం ఒక్కసారి వల మార్పిడికి డబ్బిచ్చి ఆ మధ్యకాలాన్ని దాటించలేదా? చేయాల్సింది చేయకపోతే జరిగే నష్టానికీ ఉదాహరణ మన కళ్ళ ముందే ఉంది. ట్రాల్ వలలో పడిన తాబేలు తప్పించుకునే పరికరం పెట్టలేదని అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. జనవరి, మార్చి మధ్య మన ఇసుక తిన్నెల మీద కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కళేబరాలు చూసినవాళ్ళకు ఆ పరికరం ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో ఆక్షేపణ దీనికన్నా బలమైనది. తప్పంతా ట్రాలర్లదేనా, 8 కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్ళు చేసేదేమిటి అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల మీద రేగిన గొడవ పడవలు తగలబడే దాకా వెళ్ళింది. అక్కడ తలపడింది కంపెనీలూ జాలర్లూ కాదు, పక్క పక్క ఊళ్ళ మత్స్యకారులే. ఇంజన్ బిగించిన ఫైబర్ పడవ, గుంపును గుంపుగా చుట్టేసే రింగు వల, పాత తెప్ప, గాలపు తాడు, ఇవన్నీ సంప్రదాయం అన్న ఒక్క మాట కింద చేరిపోతే 8 కిలోమీటర్ల గీత ఎవరిని కాపాడుతున్నట్టు? పడవను బట్టి హద్దు గీసిన చట్టానికి వలను బట్టి కూడా హద్దు గీయడం తెలియాలి. పేదవాడి చేతిలో ఉన్నంత మాత్రాన సన్న కన్ను పెద్దదైపోదు. అయితే ఒకటి, ట్రాలర్ల మీద నియమం అమలు కాకుండా చిన్న పడవల దగ్గరే తనిఖీలు మొదలైతే ఆ తీరంలో ఎవరూ దాన్ని న్యాయమనుకోరు. ముందు పెద్ద సంచి, ఆ తర్వాతే చిన్న వల.

1,053 కిలోమీటర్ల తీరం, వందల కొద్దీ రేవులు, ఎవరు కాపలా కాస్తారన్న మాట ఎప్పుడూ ఉండేదే. కానీ ట్రాలర్లు వందల చోట్ల దిగవు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం లాంటి కొద్ది హార్బర్లకే వస్తాయి. సంచి కన్ను కొలవడానికి నడిసముద్రానికి పోనక్కర్లేదు, జెట్టీ మీద చేతి స్కేలు చాలు. డీజిల్ రాయితీని 2019లో లీటరుకు 9 రూపాయలకు పెంచారు, దానికి పడవల లెక్క మత్స్యశాఖ దగ్గర ఉంది. చదరపు కన్ను సంచి ఉన్న పడవకే రాయితీ అంటే తనిఖీ సగం తీరిపోతుంది. 2024 ఆగస్టులో కేంద్రం లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు బిగించే పని ప్రారంభించింది. తుపానులో పడవ ఎక్కడుందో చెప్పే ఆ పరికరమే అది 8 కిలోమీటర్ల లోపల తిరుగుతోందో లేదో కూడా చెప్పగలదు. ఇక ఫ్యాక్టరీ వ్యర్థాలు, ఓడరేవులు, వేడెక్కుతున్న నీళ్ళ మాటేమిటనేవాళ్ళకు నా జవాబు ఒక్కటే. అవి నిజం, వాటి మీద పోరాడాలి. చేప పెరిగే చోటు ఇప్పటికే దెబ్బతింది కాబట్టే అక్కడ పట్టేది ఇంకా తగ్గించుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైనది, ఈ నియమాలు ఎవరు పెట్టాలన్నది. పులికాట్ సరస్సులో తరతరాలుగా సాగిన పాడు పద్ధతిలో రొయ్యలు దొరికే చోట్లను ఊరివాళ్ళు వంతులు వేసుకుని పంచుకునేవారు. నెల్లూరు తీరంలో కాపులు, అంటే మత్స్యకారుల ఊరి పెద్దలు, వేసే దురాయిని, అంటే ఆంక్షను, ఊరు ఇప్పటికీ మీరదు. సర్కారు జీవో చేరలేని చోటికి ఇలాంటి కట్టుబాట్లు చేరతాయి. కానీ వీటిని నెత్తికెత్తుకోలేను. పాడులో చోటు లేని కులాలున్నాయి, దురాయి వెలివేతకూ వాడిన సందర్భాలున్నాయి, పెద్దల వరుసలో ఆడవాళ్ళు కనబడరు. తీరంలో చేప కొని గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మేది వాళ్ళే. వేట ఆగిన 61 రోజులూ వాళ్ళ వ్యాపారమూ ఆగుతుంది. భృతిని మాత్రం పడవ ఎక్కేవాళ్ళ లెక్కనే ఇస్తారు. ఏ నెలలో ఏ చేప ఎంత సైజు వస్తోందో రోజూ చేత్తో పట్టి, చూసి, బేరమాడేది వాళ్ళే కాబట్టి రేపు రేవుకో వేట కమిటీ వేస్తే అందులో కాపుల పక్కన, బోటు యజమానుల పక్కన వాళ్ళకు సగం కుర్చీలు ఉండాలి. కనీస పొడవు ఎంతుండాలో తేల్చే రోజున ముందు వాళ్ళనే అడగాలి.