పాట దాటేస్తే కథ లేదు

పాత భక్త చిత్రాన్ని ఇంట్లో చూసేటప్పుడు చాలామందికి ఒక అలవాటు. పాట మొదలవగానే రిమోట్ అందుకుని ముందుకు తోసేస్తారు. పాట అయ్యాక కథ మళ్లీ అందుకోవచ్చులే అని ధీమా. చిత్తూరు నాగయ్య తానే దర్శకత్వం వహించి, నటించిన 1964 నాటి ‘రామదాసు’నైనా, కె.రాఘవేంద్రరావు దర్శకత్వంలో నాగార్జున నటించిన 2006 నాటి ‘శ్రీరామదాసు’నైనా అలా చూస్తే చివరికి మిగిలేదేమిటి? సర్కారు సొమ్ముతో గుడి కట్టిన ఒక తహసీల్దారు, ఒక జైలు, ఒక విడుదల. అంతమాత్రానికి ఎవరూ భద్రాచలం కొండెక్కరు. ఈ తరహా చిత్రాల్లో పాట కథకు విరామం కాదు, కథ నడిచేదే పాటలో. అతిగా కనిపించే ఆ కన్నీళ్లకూ రాగాలాపనకూ వెనుక గట్టి పనితనం ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఇంటి తెర మంచి సాధనం.

మెలోడ్రామా అన్న మాటను మనం తిట్టుగా వాడుతున్నాం గానీ, అందులోని ‘మెలోస్’ అంటే గ్రీకులో పాట. లండన్‌లో 1843 చట్టం వచ్చేదాకా ఉత్త మాటల నాటకం ఆడే హక్కు రాజముద్ర ఉన్న ఒకటి రెండు నాటకశాలలదే. మిగతావాళ్లు సంగీతం జోడించి ఆడేవారు. అలా అవసరం కొద్దీ వచ్చిన సంగీతం క్రమంగా అక్కడ కథ చెప్పే పద్ధతిలో భాగమైంది. 1944 నాటి బ్రిటిష్ చిత్రం ‘లవ్ స్టోరీ’లో చావుకు దగ్గరపడిన పియానో కళాకారిణి, చూపు పోతున్న యువకుడు తమ బాధను ఒకరికొకరు చెప్పుకోరు. నోరు దాచిన దాన్ని పియానో చెబుతుంది. మనకు ఈ విద్య పరాయిది కాదు. హరికథలో దాసుగారు కథను ఆపి కీర్తన ఎత్తుకునేది కథ ముదిరినప్పుడే. పద్యనాటకంలో జనం ‘వన్స్ మోర్’ అని అరిచేది కథ ముందుకు సాగాలని కాదు, ఆ ఘట్టం ఇంకాసేపు అక్కడే నిలవాలని.

ఇందుకు రామదాసు చెర ఘట్టాన్ని మించిన ఉదాహరణ దొరకదు. రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. నేలకొండపల్లిలో పుట్టిన అతను పాల్వంచ పరగణా తహసీల్దారు. గోల్కొండ కోటలో పన్నెండేళ్లు బందీగా ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. చెరలో పాడినదిగా అందరికీ తెలిసిన నిందాస్తుతి కీర్తనను కాస్త నిదానంగా వింటే అది ఉద్యోగి అప్పజెప్పే లెక్కలాగా ఉంటుంది. సీతమ్మకు చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, రాముడికి కలికితురాయి. ఎవరికి ఏ నగ చేయించాడో, దేనికెంత పట్టిందో వరసగా ఏకరువు పెడతాడు. ఎవరబ్బ సొమ్మని కులుకుతున్నావని దేవుణ్ణే నిలదీస్తాడు. సర్కారుకు చెప్పాల్సిన లెక్క దేవుడికి చెబుతున్నాడన్నమాట. అంత తిట్టీ, చివరికి దెబ్బలకు ఓర్వలేక తిట్టానని వేడుకుంటాడు. కోపం, వెంటనే పశ్చాత్తాపం: ఈ మలుపు సంభాషణలో పెడితే రెండు ముక్కల్లో తేలిపోయేది. రాగంలో పల్లవికి తిరిగి వచ్చినప్పుడల్లా కోపం ఒక పాలు తగ్గి దైన్యం ఒక పాలు పెరుగుతుంది. ఆ మార్పు జరగడానికి పట్టే సమయమే పాట నిడివి.

కథలోని రెండో మెలిక ఇంకా పదునైనది. రామలక్ష్మణులు మారువేషంలో వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించింది గోల్కొండ సుల్తాను తానీషాకు. పన్నెండేళ్లు పిలిచిన భక్తుడికి దక్కని దర్శనం, జైల్లో పెట్టించిన ప్రభువుకు దక్కింది. భక్తుడికి మిగిలింది చెల్లు చీటీ. ఆనందించాల్సిన చోట ఏడుపు రావడం, శిక్షించిన చేయి నమస్కరించడం మెలోడ్రామాకు పట్టుకొమ్మలు. భద్రాచలానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీని తానీషాకే ముడిపెట్టి చెబుతారు. ఇప్పటికీ శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వస్తాయి.

ఈ చిత్రాల్లో గోపన్నకు కబీరు గురువుగా కనిపిస్తాడు. చరిత్ర తెలిసినవారికి ఇక్కడ అభ్యంతరం ఉంటుంది. పదిహేనో శతాబ్దపు కబీరు, 1672లో గద్దెనెక్కిన తానీషా కాలంలోని గోపన్నకు గురువెలా అవుతాడు? నిజమే, కాడు. ఈ చిత్రాల్ని చరిత్ర పాఠంగా చూపకూడదు. అయితే సినిమా ఈ కల్పనను కొత్తగా పుట్టించలేదు, జనం చెప్పుకునే కథనుంచే తీసుకుంది. రామనామానికి మతం అడ్డు కాదన్న మాటను ఒక మనిషి రూపంలో నిలబెట్టడానికి కాలాన్ని కుదించారు. నాగయ్య చిత్రంలో కబీరు పాటలకు మహమ్మద్ రఫీ గొంతు వినిపించగానే ఆ ఉద్దేశం చెవికే తెలిసిపోతుంది. ఏడుపు మరీ ఎక్కువన్నది రెండో ఫిర్యాదు. ప్రతి ఏడుపూ గొప్పదేమీ కాదు. పాటలో పాత్ర మనసు ఒక మెట్టు మారిందా లేదా అన్నదే గీటురాయి. మారకపోతే ఆ పాటను దాటేసినా నష్టం లేదు. ఇక హాల్లో నలుగురితో కలిసి చూసే అనుభూతి ఇంట్లో రాదన్నది కాదనలేని మాట. భజనలో గొంతు కలిపినట్టు హాలంతా ఒక్కసారి కళ్లు తుడుచుకోవడం డీవీడీలో దొరకదు. కానీ ఏ చరణంలో మనసు తిరిగిందో వెతికి పట్టుకునే వీలు హాల్లో లేదు.

నాటకశాలలో ‘వన్స్ మోర్’ దక్కాలంటే గొంతు చించుకోవాలి, నటుడు దయతలచాలి. ఇంట్లో ఆ అధికారం మన బొటనవేలి కిందే ఉంది. ఈసారి రామదాసు చెర ఘట్టం వచ్చినప్పుడు మీటను ముందుకు కాదు, వెనక్కి నొక్కండి.