అసలు రంగు

పాత మోటారు సైకిలుకి దాని మొదటి రంగు తిరిగి వేయించడం కూడా ఒక సాహిత్య వ్యాసంగమే నంటాను. నవ్వకండి. చెదలు తిన్న తాళపత్రంలో పద్యపాదాన్ని పూరించే పండితుడికీ, షెడ్డులో గొంతుక్కూచుని పెట్రోలు ట్యాంకు మీద వాటర్ పేపరు రుద్దే పెయింటరుకీ పని ఒకటే. కాలం చెరిపేసిన దాన్ని తిరిగి తెస్తామంటారు ఇద్దరూ. ఇద్దరికీ వుండే ప్రలోభమూ ఒకటే. ఖాళీ వచ్చినచోట తనకి నచ్చింది పెట్టేసి "ఇదే అసలుది" అనడం! పద్యాల విషయంలో ఈ తగువు మనకి పాతదే. రంగుల విషయంలోనే విమర్శకులు కరువయ్యారు. ఆ లోటు కాస్త తీరుద్దామని ఈ నాలుగు ముక్కలూ.

ఉదాహరణకి మైసూరు జావా తీసుకుందాం. 1960ల మొదట్లో మైసూరులో బళ్ళు తయారుచెయ్యడం మొదలెట్టిన ఐడియల్ జావా కంపెనీ, 1973 నుంచి యెజ్డీ పేరు పెట్టుకుని, 1996లో మూతపడింది. ఒకప్పుడు మన వూళ్ళల్లో కాంట్రాక్టర్లూ, కాస్త కలిగిన రైతులూ, కాలేజీలో చేరిన వాళ్ళ కుర్రాళ్ళూ దాన్ని నడిపేవారు. ఇవాళ దాన్ని గొడ్ల చావిట్లోంచి బయటికి లాగి ముస్తాబు చెయ్యడం ఒక ముచ్చట అయింది. మంచి ముచ్చటే. కాదనను. బండి లేచి నిలబడ్డాక దాని ఎరుపేది అన్న ప్రశ్న వస్తుంది. ఒకాయన "దానిమ్మ గింజ" అంటాడు. ఇంకొకాయన "కాదు, ఎండుమిరపకాయ" అంటాడు. మూడో ఆయన ఫోనులో బొమ్మ చూపించి ఇదే ప్రమాణం అంటాడు. ఆ ఫోను తన ఇష్టప్రకారం రంగులు దిద్దుతుందని ఆయనకి ఎవరు చెప్పాలి?

పేర్లని నమ్ముకున్నా లాభం లేదు. ఇంగ్లండులో 1937లో ట్రయంఫ్ వారు స్పీడ్ ట్విన్ అనే బండి తెచ్చి, దాని ఎరుపుకి 'ఎమరాంత్ రెడ్' అని పేరు పెట్టారు. ఎమరాంత్ అంటే మరేమీ కాదు, మన తోటకూర వంశం. అయితే ఏ తోటకూర? ఎప్పుడు కోసింది? మనవాళ్ళు ఈ విషయంలో తెలివైనవాళ్ళు. అమరకోశం అరుణానికీ, పాటలానికీ, శోణానికీ తేడా చెప్పింది. అయినా ఆ మాటలు పట్టుకెళ్ళి పెయింటు కొట్టువాడికి చెప్తే, వాడు డబ్బా ఇవ్వడు, మంచినీళ్ళిస్తాడు.

అంచేత తెలివైన పెయింటరు మాటలు వదిలి బండినే అడుగుతాడు. ఎండ తగలని చోట్లు వెతుకుతాడు. ట్యాంకు పక్కల మోకాళ్ళకి ఆనే రబ్బరు ప్యాడ్ల కింద, సీటు అడుగున, టూల్‌బాక్స్ మూత లోపలి పక్క. తర్వాత అనుమానం వున్నచోట రూపాయి బిళ్ళంత మేర సన్నటి వాటర్ పేపరుతో వాలుగా రుద్దుతాడు. అప్పుడు పూతలన్నీ చెట్టుమానులో వలయాల్లాగా బయటపడతాయి. పైన ఎవడో పెళ్ళికి వేయించిన నీలం, దాని కింద వూళ్ళో కుంచెతో పూసిన నలుపు, దాని కింద ఎరుపు, ఇంకా కిందికి పోతే ప్రైమరు, ఆపైన ఇనుము. ఆ బిళ్ళంత చోటులో బండి జాతకం అంతా వుంటుంది. చదవడం తెలియాలి, అంతే.

ఇక్కడే మొదటి పేచీ. రబ్బరు కింద దొరికిన ఎరుపు అచ్చమైనదని ఎల్లా చెప్పగలం? ఎండకి రంగు వెలిసిపోతుందని అందరికీ తెలుసు. చీకట్లో కూడా మారుతుందని తెలిసినవాళ్ళు తక్కువ. నూనెపాలు ఎక్కువున్న పాత ఎనామిళ్ళు వెలుతురు తగలకపోతే పసుపెక్కుతాయి. తెలుపూ, దంతపు రంగూ అయితే ఆ పసుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇక ఇంజను వేడీ, పెట్రోలు తడీ, గ్రీజు మరకా చేసే పనులు వేరే. పైగా ఒకే పేరున్న రంగు ఒక విడతకీ ఇంకో విడతకీ కొంచెం తేడాగా రావడం ఆ రోజుల్లో మామూలే. అంటే ఎండలో వున్న సాక్షి ఒక అబద్ధం చెప్తే, నీడలో వున్న సాక్షి ఇంకో అబద్ధం చెప్తాడు. ఇద్దర్నీ విని తీర్పు చెప్పాలి.

రెండో పేచీ మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి బాగా తెలుసు. చీరకి మాచింగు జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు వాళ్ళు ట్యూబులైటు కింద చూసి వూరుకోరు. కొట్టువాడు ఎంత గొణిగినా సరే, రెండూ పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి ఎండలో చూస్తారు. ఎందుకంటే లోపల కలిసిన రంగులు బయట విడిపోతాయి. పెయింటులోనూ ఇంతే. పాత ఎరుపులూ, నారింజలూ, పసుపులూ చాలావాటిలో సీసం కలిసిన రంగుపొళ్ళు వుండేవి. సీసం విషమని ఇవాళ వాటిని చాలాచోట్ల తగ్గించారు, లేదా మానేశారు. కొత్త పొళ్ళతో అదే ఎరుపు కలుపుతారు. కొట్లో వున్న కంప్యూటరు కూడా "సరిపోయింది" అంటుంది. ఒక వెలుతురులో సరిపోతుంది కూడా. ఇంకో వెలుతురులోకి తెచ్చేసరికి ట్యాంకొక కులం, మడ్‌గార్డొక గోత్రం! కాబట్టి నమూనా రేకుని పొద్దుటి ఎండలో, మబ్బులో, దీపం కింద మూడుసార్లు చూడనివాడి మాట నమ్మకండి.

కొన్ని రంగులు ఒక్క డబ్బాలో దొరకవు కూడా. 1969లో హోండా వారి సి.బి. 750 మీద వచ్చిన 'క్యాండీ' రంగులు ఆ జాతివి. మెరిసే లోహపు పొడి కలిపిన అడుగుపూత, దాని మీద అవతలికి కనబడే పల్చటి రంగుపూత. వెండి రేకు మీద రంగు గాజుకాయితం పరిచినట్టన్నమాట. పై పూత ఒకసారి ఎక్కువ కొడితే రంగు చిక్కబడుతుంది, తక్కువ కొడితే పలచబడుతుంది. ఇక్కడ రంగు డబ్బాలో ఎంతుందో, పెయింటరు చేతిలోనూ అంతే వుంది.

మూడో పేచీ మెరుపు. ఇది పేచీ కూడా కాదు, జాడ్యం. పాత బళ్ళ ప్రదర్శనలకి వెళ్ళి చూడండి. ప్రతి ట్యాంకూ అద్దమే. తలదువ్వుకోవచ్చు. ఆ కాలపు ఎనామిలుకి ఇంత లోతూ లేదు, ఇంత తళతళా లేదు. ఇప్పటి క్లియర్ కోటు పైన దిగ్గొట్టి, దాన్ని 'ఒరిజినల్' అనడం, జానపదాన్ని సినిమా బాణీలో పాడించి పల్లెపాట అనడం లాంటిది. మద్రాసు బుల్లెట్ ట్యాంకు మీద బంగారు గీత చేత్తో, కుంచెతో గీసేవారు. గీత ఒకచోట వెంట్రుకవాసి లావెక్కేది. ఆ లావులో మనిషి వున్నాడు. ఇప్పుడు దాని బదులు స్టిక్కరు అంటించి, "చూశారా, ఎంత తిన్నగా వుందో" అంటారు. అదే కదండీ నా ఫిర్యాదు!

మా బంధువుల్లో ఒక పిల్లాడు తండ్రి పోయాక ఆయన జావాని పట్నం పంపించి, బోలెడు ఖర్చు పెట్టి, కొత్త పెళ్ళికొడుకుని చేసి తెచ్చాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. వాళ్ళమ్మ గుమ్మంలో నుంచుని చాలాసేపు చూసి, "బావుందిరా నాయనా. మరి మీ నాన్నగారి బండేదీ?" అంది. ట్యాంకు పక్కన ఆయన మోకాలు ముప్ఫయ్యేళ్ళు రాసుకుని అరగదీసిన చోటు ఒకటుండేది. లప్పం పెట్టి దాన్ని నున్నగా మూసేశారు. పిల్లాడి తప్పు లేదు. షెడ్డువాడి తప్పూ లేదు. అది చెరపకూడని అక్షరమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. రంగు మళ్ళీ వెయ్యొచ్చు. గీకేసింది మాత్రం మళ్ళీ రాదు.

అల్లాగని తుప్పుని పూజించమనడం లేదు. ఈమధ్య ఆ మూఢభక్తి కూడా బయల్దేరింది. చిల్లులు పడ్డ మడ్‌గార్డుని చూసి "ఆహా, చరిత్ర!" అనేవాళ్ళున్నారు. తుప్పు చరిత్ర రాయదు, వున్నదాన్ని తింటుంది. తినేసినచోట గీకాలి, ప్రైమరు కొట్టాలి, రంగు వెయ్యాలి. ఎంతవరకన్నదే అసలు సమస్య.

దీనికి ఇటలీలో ఒకాయన దారి చూపించాడు. పేరు చెసారె బ్రాందీ. (పేరు విని తొందరపడకండి, కళావిమర్శకుడే.) రోములో 1939లో పెట్టిన పునరుద్ధరణ సంస్థకి మొదటి డైరెక్టరు. పాత చిత్రంలో పోయిన చోట్లని సన్నటి నిలువు గీతలతో నింపడం అక్కడ అలవాటు చేశారు. దూరం నుంచి చూస్తే బొమ్మ నిండుగా వుంటుంది. దగ్గరికెళితే ఏది పాతదో ఏది కొత్తదో తెలిసిపోతుంది. కంటికి తృప్తి, బుద్ధికి నిజం. మన బ్రౌన్ దొర కూడా వేమన పద్యాలకి పలు ప్రతులు పోగుచేయించి, పండితులచేత సరిచూయించాడు. ప్రతులన్నీ ఎదురుగా వుంటేనే కదా, ఎవరు ఎక్కడ చెయ్యి పెట్టారో తేలేది!

బండికీ ఈ మర్యాదే జరగాలంటాను. బాగున్న పాతరంగుని ముట్టుకోవద్దు. కడిగి, మైనం రాసి వదిలెయ్యండి. తప్పనిసరై మొత్తం గీకవలసివస్తే, టూల్‌బాక్స్ మూత లోపల అరచెయ్యంత పాతరంగు అల్లాగే వుంచండి. రేపు ఇంకొకడు వచ్చి మీ తీర్పుని తప్పుపట్టాలంటే వాడికి సాక్ష్యం కావాలి గదా! ఏ పూత చూసి, ఏ పొళ్ళు కలిపి, ఏ వెలుతురులో సరిచూశారో ఒక కాయితం మీద రాసి బండి పత్రాలతో పెట్టండి. ఇంతా చేశాక కూడా "అసలు రంగు" అనకండి. "ఫలానా చోట దొరికిన రంగుకి మాకు చేతనైనంత దగ్గర" అనండి. వాక్యం కాస్త పొడుగే. బండి అమ్మేటప్పుడు బేరానికి అడ్డం కూడా. అయినా నిజం చెప్పేవాళ్ళకి వాక్యాలు ఎప్పుడూ కాస్త పొడుగ్గానే వుంటాయి.