బ్రూస్టర్ ఎక్కడికి పోయింది?

మంత్రగత్తె కోసుటోపీ, చీపురు, పిల్లి అన్నీ ఒకప్పుడు ఇంగ్లండులో ఏల్ కాచి అమ్మిన ఆడవాళ్ళవేనని క్లాసులో ఎంతో గర్వంగా చెప్పేదాన్ని. క్రాఫ్ట్ బీర్ ప్రపంచానికి ఈ కథంటే చాలా ఇష్టం. జుడిత్ బెన్నెట్ 'ఏల్, బీర్ అండ్ బ్రూస్టర్స్ ఇన్ ఇంగ్లండ్' (1996) చదివాక నా గర్వం కాస్త తగ్గింది. టోపీ కథకి గట్టి ఆధారాల్లేవు. అసలు కథ అంతకంటే చేదు.

ఏల్ కాచే స్త్రీ 'బ్రూస్టర్', పురుషుడు 'బ్రూయర్'. 1300 ప్రాంతంలో ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. ఏల్ కొద్దిరోజుల్లో పాడైపోతుంది కనుక ఇంటికి పోను మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్మేవారు. తర్వాత హాప్స్ వేసిన బీరు వచ్చింది. అది నిలవ ఉంటుంది, దూరాలకి పోతుంది. కానీ దానికి పెట్టుబడి కావాలి, అప్పు పుట్టాలి, వృత్తిసంఘంలో చోటుండాలి. ఒంటరి స్త్రీలకి, వితంతువులకి అవి ఎక్కడివి? 1600 నాటికి పని మగవాళ్ళ చేతికి పోయింది.

సాహిత్యమూ తన వంతు చేసింది. పదహారో శతాబ్దం మొదట్లో జాన్ స్కెల్టన్ రాసిన ఎలినోర్ రమ్మింగ్ కవితలో ఏల్ అమ్మే ముసలామె వికారంగా ఉంటుంది. తొట్టిలో కోళ్ళ రెట్టలు పడతాయి. ఆడవాళ్ళు పెళ్ళి ఉంగరాలు, మొగుళ్ళ బట్టలు ఇచ్చి తాగిపోతారు. దీన్ని హాస్యమంటారు. వ్యాపారం నుంచి స్త్రీని కవిత ఒక్కటే వెళ్ళగొట్టలేదు. కానీ ఆమె చేతులు మురికివని నవ్వుతూ నమ్మించింది.

బెన్నెట్ మనకి స్వర్ణయుగాన్నీ ఇవ్వదు. పని ఆడవాళ్ళ చేతిలో ఉన్నప్పుడూ లాభం, గౌరవం తక్కువే. లాభం పెరిగేసరికి వాళ్ళు లేరు. 2021లో అమెరికన్ బ్రూయర్ బ్రియెన్ అలన్ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ప్రశ్న అడగ్గానే ఈ రంగంలోని స్త్రీలు వేధింపుల అనుభవాలు వందలాదిగా రాశారు. పూర్వీకురాలి బొమ్మ సీసా మీద వేసుకున్నంత తేలిక కాదు, పక్కన పనిచేసే స్త్రీని గౌరవించడం.

1992 దూబగుంట కథ వింటూ పెరిగినదాన్ని. మద్యం కాచిన ఆడవాళ్ళ చరిత్ర నాకెందుకని మొదట్లో అనుకున్నాను. అక్కడ మన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం సాధించారు. 1997లో ప్రభుత్వం ఖజానా లెక్క చూపించి దాన్ని సడలించింది. కాచిన స్త్రీకీ మూయించిన స్త్రీకీ పోలిక లేదు. కానీ లెక్కల పుస్తకం మాత్రం ఇద్దరి చేతిలోనూ లేదు. ఇకమీద క్లాసులో టోపీ గురించి కాదు, ఆ పుస్తకం గురించి చెబుతాను.