సీసా మీది పేరు

సరుకుకు పేరు పెట్టడం వ్యాపారి పని, దానితో సాహిత్య విమర్శకేం సంబంధం అని మనలో చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. కవి ఏ ముడిసరుకుతో పనిచేస్తాడో పేరు పెట్టేవాడూ దానితోనే పనిచేస్తాడు. జనం నాలుక మీద అప్పటికే ఆడుతున్న మాటే ఆ ముడిసరుకు. దాన్ని ఎవరి నోటినుంచి తీసుకున్నాడు, తీసుకున్నాక దాన్ని ఏం చేశాడు అన్నది మాత్రం విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

జైపూర్ బడిలో సవర్ణదీర్ఘ సంధి చెప్పేటప్పుడు నేను ‘అమృతాంజనం’ ఉదాహరణ ఇస్తాను. పిల్లలకు చప్పున అందుతుంది, ముక్కుకు వాసన కూడా తగులుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో ఆ మందు మొదలుపెట్టాడు. సంగీత సభల్లో ఉచితంగా పంచిపెట్టి జనానికి అలవాటు చేశాడు. అమృతం పురాణాల్లోది, అంజనం ఇంటింటిదీ. రెండూ ఉమ్మడి ఆస్తి. ఆయన వ్యాపారం లాభం కోసం కాదని నేను చెప్పబోవడం లేదు. కాని ఆ లాభంలోంచే 1908లో ‘ఆంధ్రపత్రిక’, 1924లో ‘భారతి’ వచ్చాయి. భాషనుంచి రెండు మాటలు తీసుకున్న సరుకు భాషకు ఒక పత్రికను తిరిగి ఇచ్చింది. ఆ లెక్క వేరు.

ఇక ఇవాళ్టి లెక్క చూద్దాం. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో మద్యం బ్రాండ్ల పేర్లు చర్చకు వచ్చాయి. ‘స్పెషల్ స్టేటస్’, ‘పవర్ స్టార్ 999’, ‘లెజెండ్’. అనుమతి ఇచ్చింది మీరంటే మీరని రెండు పక్షాలూ వాదించుకున్నాయి. ఎవరిచ్చారన్నది నా విషయం కాదు. ‘స్పెషల్ స్టేటస్’ అన్న పేరు ముందు నేను ఆగిపోయాను.

2014 ఫిబ్రవరిలో రాజ్యసభలో ప్రధాని నోట వచ్చిన వాగ్దానమది. తర్వాత బందులకూ, ఊరేగింపులకూ, ఎన్నికలకూ నినాదమైంది. చివరికి సీసాకు అంటుకుంది. ఇది రూపకమా? రూపకం కావాలంటే ఉపమేయానికీ ఉపమానానికీ నడుమ సాధారణ ధర్మం ఏదో ఒకటి ఉండాలి. ప్రత్యేక హోదాకూ సారాయికీ ఏమిటా ధర్మం? ఏమీ లేదు. పేరు పెట్టినవాడికి అది అక్కర్లేదు కూడా. వాడికి కావలసింది జనం చెవికి ఉన్న అలవాటు. ఆ అలవాటు ఏళ్ల తరబడి గొంతు చించుకున్నవాళ్లు ఊరికే తయారుచేసి పెట్టింది, ప్రచారం ఖర్చు లేకుండా దొరికింది. ఢిల్లీని అడగవలసిన మాటను కూలివాడు కౌంటర్ దగ్గర, చేతిలో డబ్బు పట్టుకుని అడుగుతాడు. అక్కడ వెంటనే ఇస్తారు. ఇంతకన్నా చేదు వ్యంగ్యం మన వ్యంగ్య రచయితల్లో ఎవరూ రాయలేదు. కాని ఇది వ్యంగ్యం కాదు, వ్యాపారం. వ్యంగ్యం నినాదాన్ని పదును పెడుతుంది, ఈ పేరు దాన్ని తాగించి పడుకోబెడుతుంది.

హీరోల పేర్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అభిమానం అమ్ముడుపోవడం మనకు కొత్త కాదు.

మా బొగ్గు ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ 2023లో వచ్చిన ‘దసరా’ సినిమాలో ఉంది. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల గోదావరిఖని వాడు. సింగరేణి పల్లెను కథాస్థలంగా తీసుకున్నాడు. ఆ పల్లెలో ‘సిల్క్ బార్’, దాని గోడ మీద సిల్క్ స్మిత బొమ్మ. బారు మీద పెత్తనమే ఊరి మీద పెత్తనం. లోపల కూర్చుని తాగే హక్కు కులాన్ని బట్టి. గడప దగ్గరి ఈ గీతను సినిమా చూసింది, చూపించింది. అందుకు మెచ్చుకోవాలి.

గోడ మీది స్త్రీని మాత్రం చూడలేదు. ఆమె ఏలూరు దగ్గర పుట్టిన విజయలక్ష్మి. 1980లో ‘వండిచక్కరం’ అనే తమిళ చిత్రంలో మద్యం దుకాణంలోని స్త్రీ పాత్ర వేసింది. ఆ పాత్ర పేరే సిల్క్. జనం ఆ పేరును ఆమెకు అంటగట్టారు, ఆమె దాన్నే పెట్టుకుంది. 1996లో మద్రాసులో చనిపోయింది. తాగేచోటు పుట్టిన పేరు ఒక మనిషిని మింగి, మళ్లీ తాగేచోటుకే బోర్డై తిరిగి వచ్చింది. పల్లె బారుకు ఆ పేరు సహజంగా ఉందని చాలామంది మెచ్చుకున్నారు. సహజంగా ఉంది, నిజమే. ఆ సహజత్వం ఎట్లా తయారైందో చెప్పడం కళ పని కాదా? బొగ్గు దుమ్మును అంత శ్రద్ధగా పట్టుకున్న కెమెరా నుంచి ఆ మాత్రం ఆశించడం అత్యాశ కాదు.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకొట్టు మూయించారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఒక ఊరి పేరు ఉద్యమం పేరైంది. ఆ పేరు పెట్టి ఏ సీసానూ అమ్మలేరు. చెవికి దానితో ఉన్న అలవాటు వేరే రకంది గనుక.

ఇక మన సంగతి. గని కార్మికుణ్ణి ‘నల్లసూరీడు’ అనడం పాటల్లో, కథల్లో మనవాళ్లు వాడి వాడి నిలబెట్టిన మాట. ఇప్పుడు ప్రతి డిసెంబరు 23న, సింగరేణి దినోత్సవం నాడు, మా మంచిర్యాల రోడ్ల పక్క ఫ్లెక్సీల మీద అది పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. కింద నాయకుల ఫొటోలు, పక్కన ఒక నగల దుకాణం ప్రకటన. ఆ అక్షరాల పక్కన కాంట్రాక్టు కార్మికుడి బొమ్మ నాకు ఇంతవరకూ కనిపించలేదు.