దత్తత కాదు, ఉద్యోగం

తెలుగు సినిమాలో ఊరు బాగుపడాలంటే ముందు ఒక కోటీశ్వరుడు కావాలి. 'శ్రీమంతుడు' (2015)లో హర్ష ఊరిని దత్తత తీసుకుంటాడు. 'మహర్షి' (2019)లో అమెరికా కంపెనీ సీఈఓ రిషి స్నేహితుడి కోసం వచ్చి, ఊళ్లోనే ఆఫీసు తెరుస్తాడు. రెండూ నాకు నచ్చిన సినిమాలే. కానీ రెండోసారి చూస్తే కొన్ని ప్రశ్నలు మిగులుతాయి. ఈ మనిషిని ఎవరు పిలిచారు? ఎన్నాళ్లుంటాడు? లెక్క తప్పితే ఎవరికి జవాబు చెప్తాడు?

'దత్తత' అనే మాటలోనే చిక్కుంది. అది ఊరిని బిడ్డను చేసే మాట. బిడ్డకు అన్నం పెడతాం, బడికి పంపుతాం, కానీ ఇంటి బడ్జెట్ గురించి అడగం. హీరో చెక్కు రాస్తున్నప్పుడు ఊరి జనం చప్పట్లు కొడతారు. అంతకుమించి వాళ్లకు స్క్రిప్టులో పని ఉండదు.

అసలు ఈ పనిని ఉద్యోగంగా చేసేవాళ్లున్నారు. జర్మనీలో 1969 నుంచీ దీనికి ఒక చట్టమే ఉంది. నర్సు, ఇంజనీరు, టీచరు ఎవరైనా కొన్నేళ్ల కాంట్రాక్టు మీద వేరే దేశం వెళ్లి అక్కడి సంస్థతో కలిసి పనిచేస్తారు. వాళ్లకిచ్చేది జీవనభృతి. 1999లో దీనికి 'పౌర శాంతి సేవ' తోడైంది. గొడవలున్న చోట రెండు పక్షాల మధ్య మాట నడిపించడం కూడా నేర్చుకుని చేసే పనేనని ఒప్పుకోవడం అది. అమెరికా పీస్ కోర్ 1961లో పుట్టింది. దాని వాలంటీర్లు 1976 దాకా ఇండియాలోనూ పనిచేశారు.

మన కథల్లో విదేశాలు రెండే: అమెరికా, గల్ఫ్. ఒకటి డాలర్ల కథ, ఇంకోటి అప్పుల కథ. మూడోది కనబడదు. నిజజీవితంలో లేదా అంటే ఉంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. దానికి నైజర్ దేశంలోనూ కేంద్రముంది. వాతావరణ శాస్త్రవేత్త ఎస్. జీవానందరెడ్డి ఐక్యరాజ్యసమితి వాతావరణ సంస్థలో చీఫ్ టెక్నికల్ అడ్వైజర్‌గా చేశారు. సహేల్ ఎండలో సజ్జ చేను పక్కన నిలబడ్డ తెలుగు మనిషి మన కథకులకు ఎందుకు కనబడలేదు? డాలరూ దీనారూ లేకపోతే విదేశంలో కథ లేదనుకున్నామేమో.

మన దగ్గరికి వచ్చినవాళ్ల సంగతీ అంతే. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, 2009లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. ఆయన్ని దేవుణ్ణి చేశాం, పాత్రను చేయలేకపోయాం. దేవుడికి సందేహాలుండవు కాబట్టి కథా ఉండదు.

ఇంకా విచిత్రమైన కథ కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలది. 1990ల మధ్యలో అక్కడ ఐక్యరాజ్యసమితి పేదరిక నిర్మూలన కార్యక్రమం మొదలైంది. దాని సలహాదారు పాకిస్తానీ. పేరు షోయబ్ సుల్తాన్ ఖాన్. గిల్గిత్ కొండల్లో ఊరి సంఘాలు కట్టిన అనుభవం ఆయనది. 1998 అణుపరీక్షలు, 1999 కార్గిల్ యుద్ధం, రెండూ ఆ కార్యక్రమం నడుస్తున్నప్పుడే జరిగాయి. దాని కొనసాగింపే 2000లో వచ్చిన 'వెలుగు'. అక్కడ తయారైన సీఆర్పీ అక్కలు తర్వాత బీహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి, భాష రాని ఊళ్లలో వారాల తరబడి ఉండి, పొదుపు సంఘాలు పెట్టించారు. ప్రొఫెషనల్ అంటే వీళ్లే అంటాను నేను. పిలిస్తే వెళ్లారు, పని నేర్పారు, గడువు కాగానే తిరిగొచ్చారు. ఈ ప్రయాణం మీద ఒక మంచి తెలుగు నవల ఇప్పటికే వచ్చి ఉండాల్సింది.

ఇంతవరకూ చదివి నేను ఎన్జీవోలకు ప్రచారం చేస్తున్నాననుకోవద్దు. మాది గోదావరిఖని. 'డెవలప్‌మెంట్' అనే మాట వింటే మా దగ్గర ముందు జేబు తడుముకుంటారు. రామగుండం ఎన్టీపీసీకి ప్రపంచబ్యాంకు అప్పిచ్చింది. 1983లో మొదటి యూనిట్ వచ్చింది, ఇప్పుడు 2600 మెగావాట్లు. జర్మన్ పద్ధతిలో బొగ్గు నుంచి యూరియా చేసే ఎఫ్‌సీఐ 1980లో మొదలై 1999లో మూతపడింది. జీడీకే-10 ఇంక్లైన్‌లో బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతిని ఫ్రెంచ్ సహకారంతో తెచ్చారు. నిపుణులు వచ్చారు, నేర్పారు, పోయారు. బాయిలోకి దిగినోడు మాత్రం ఇక్కడే ఉన్నడు, వాని దగ్గు వానితోనే ఉన్నది.

అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథల బలం ఇక్కడే తెలుస్తుంది. వాళ్లు ఆఫీసరును, కాంట్రాక్టరును, యూనియన్ లీడరును కింది నుంచి చూశారు. పై నుంచి వచ్చే మేలును ముందు అనుమానించమన్నారు. 'దత్తత' సినిమాలకు సరైన జవాబు వాటి కంటే ముందే మా బొగ్గుబాయి కథల్లో ఉంది. ఈ అనుమానం లేని అభివృద్ధి నిపుణుడు ఏసీ ల్యాండ్‌క్రూజర్‌లో తిరిగే కన్సల్టెంటుగా మిగులుతాడు, వాడూ హర్ష లాంటివాడే, కాకపోతే చెక్కు వేరేవాళ్లది.

కానీ ఆ కథలకూ ఒక హద్దుంది. బయటి నుంచి వచ్చినవాడు వాటిలో దాదాపు ఎప్పుడూ ఎదుటి పక్షమే. ఇక్కడి నుంచి బయటికెళ్లినవాడు ఎవరవుతాడనే ప్రశ్న వాటికి ఎదురుకాలేదు. ఇప్పుడు ఎదురవుతోంది. మొజాంబిక్‌లోని మొవాటిజెలో బొగ్గు గని కోసం ఖాళీ చేయించిన కుటుంబాలను కతేమె అనే పునరావాస కాలనీకి పంపారు. 2012 జనవరిలో ఆ జనం బొగ్గు రైళ్లను అడ్డుకున్నారు. 2014లో ఆ దగ్గర్లోనే బెంగా గనిని కొన్న ఐసీవీఎల్‌లో విశాఖ ఉక్కు, హైదరాబాద్‌లో ఆఫీసున్న ఎన్‌ఎండీసీ భాగస్వాములు. అంటే అక్కడ మనం కంపెనీ వైపు ఉన్నాం.

నేను చదవాలనుకునే కథ ఇక్కడ మొదలవుతుంది. ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో పెరిగిన ఒక అమ్మాయి కతేమె లాంటి చోట, అక్కడి సంఘం పిలిస్తే, మూడేళ్ల కాంట్రాక్టు మీద పనికి వెళ్తుంది. ఓపెన్‌కాస్ట్ కోసం ఊరు లేచిపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అదే సమయంలో ఆమె పాస్‌పోర్టు గని కొన్న దేశానిది. అక్కడివాళ్లు ఆమెను నమ్మాలా? ఆమె తనను తాను నమ్మాలా? ఈ రెండు ప్రశ్నలకూ విజిల్ వేయించే సమాధానం లేదు, అందుకే సినిమా వాటి జోలికి పోదు.

ఇది సాహిత్యం గొడవే కాదు. ఈ బెల్ట్‌లో ఇంజనీరింగ్ చదివిన పిల్లలకు మూడు దారులే చెప్తారు: అమెరికా వీసా, సింగరేణిలో నాన్న పేరు మీద వారసత్వ ఉద్యోగం, హైదరాబాద్ హాస్టల్. నాలుగో దారిలో నడిచే మనిషిని వాళ్లు ఏ పుస్తకంలోనూ కలవలేదు. కలవని మనిషిలా బతకాలని ఎవరికైనా ఎలా అనిపిస్తుంది? కథకులు రాయాల్సింది ఆ మనిషిని, సందేహాలతో సహా.