ఘంటసాల పద్యగానం: అభిమానానికి ఆధారం

ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) మరణించి అయిదు దశాబ్దాలు గడిచినా శ్రోతల అభిమానం తగ్గలేదు. ఇందుకు గాత్రమాధుర్యాన్నే కారణంగా పేర్కొనడం పరిపాటి. ఆయన పద్యగానాన్ని పరిశీలిస్తే మరొక కారణం స్పష్టమవుతుంది. రంగస్థలంపై దీర్ఘమైన రాగాలాపనలో పద్యార్థం తరచు మరుగున పడేది. విజయనగరంలో శాస్త్రీయ సంగీతం అభ్యసించిన ఘంటసాల ఆలాపనను కుదించి, అర్థానుసారంగా పదచ్ఛేదం పాటించారు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఇందుకు నిదర్శనం: అక్కడ రాగం పువ్వుల వేదనకు తోడుగా నిలుస్తుందే తప్ప దానిని దాటిపోదు. అందువల్లనే ఛందస్సు తెలియని శ్రోతకు సైతం వృత్తపద్యం కంఠస్థమైంది.

అయితే ఈ అభిమానంలో ఒక లోపమూ ఉంది. ఆ పద్యాలను ‘ఘంటసాల పద్యాలు’గా మాత్రమే ఎరిగినవారు కవిని విస్మరిస్తున్నారు. పదానికి ప్రాధాన్యమిచ్చిన గాయకుని గౌరవించడమంటే, ఆ పదాన్ని కూర్చిన కవినీ స్మరించడమే.